అన్‌అటెండెడ్ విండోస్ సెటప్: సైలెంట్ ఇన్‌స్టాల్ సైలెంట్‌గానే ఫెయిలైతే ఎక్కడ వెతకాలి

అన్‌అటెండెడ్ సెటప్ అంటే సెటప్ అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ ముందే ఆన్సర్ ఫైల్ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో రాసిపెట్టి, మనిషి పక్కన లేకుండా విండోస్ వేయడం. ఆ సెటప్ అయిపోతుంది, డెస్క్‌టాప్ వస్తుంది, వేయమన్న సాఫ్ట్‌వేర్లలో సగం మాత్రం కనిపించవు. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు. అప్పుడు చాలామంది స్విచ్ (ప్రశ్నలడగకుండా నడవమని ఇన్‌స్టాలర్ కమాండ్ చివర పెట్టే గుర్తు) మీద పడతారు: /ఎస్ తీసి /క్యూ పెట్టడం, అదీ పనిచేయకపోతే /క్వైట్ పెట్టడం. స్విచ్ తప్పయ్యే సందర్భాలు లేకపోలేదు. కానీ అంతకన్నా ఎక్కువగా తేడా కొట్టేది ఆ ఇన్‌స్టాలర్ ఏ దశలో, ఏ అకౌంట్ కింద నడిచిందన్న దగ్గరే.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో పీసీలు గుత్తగా అసెంబుల్ చేయించుకునే చిన్న ఆఫీసులకూ, మారతహళ్లి వైపు ట్రైనింగ్ ల్యాబులకూ పెన్‌డ్రైవ్‌తో ఓఎస్ వేసిపెట్టే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే ఉన్నాయి. కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.

ముందు లాగ్ చూడండి. సెటప్ నడుస్తుండగా షిఫ్ట్ ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి). డిస్క్ పార్టిషన్ల దశలో ఉంటే లాగులు ఎక్స్:\విండోస్\పాంథర్‌లో ఉంటాయి. ఫైళ్లు కాపీ అయి రీస్టార్ట్ అయ్యాక సీ:\విండోస్\పాంథర్‌లో చూడాలి. స్పెషలైజ్ (రీస్టార్ట్ తర్వాత మెషీన్‌కి పేరు వంటివి పెట్టే దశ), ఓఓబీఈ (యూజర్, భాష వంటివి అడిగే మొదటి స్క్రీన్లు) దశల సంగతి కావాలంటే అదే పాంథర్‌లోని అన్‌అటెండ్‌జీసీ ఫోల్డర్‌లో సెటప్‌యాక్ట్.లాగ్ తెరవండి. డ్రైవర్ల చరిత్రంతా సీ:\విండోస్\ఐఎన్ఎఫ్\సెటప్‌ఏపీఐ.డెవ్.లాగ్‌లో ఉంటుంది. నోట్‌ప్యాడ్ అని టైప్ చేస్తే చాలు, ఆ ప్రాంప్ట్ నుంచే తెరుచుకుంటుంది.

స్పెషలైజ్ దశలో ఆన్సర్ ఫైల్‌ని పార్స్ చేయలేకపోయాం అనే మెసేజ్‌తో సెటప్ ఆగిపోయిందంటే, ఎక్స్ఎంఎల్‌లో ఏదో ఒక విలువ దానికి నచ్చలేదని అర్థం. ఎక్కువగా దొరికే దోషి కంప్యూటర్ పేరు: 15 అక్షరాలు దాటకూడదు. దీనికి భిన్నంగా, 64 బిట్ విండోస్‌కి రాసిన కాంపోనెంట్‌లో ఆర్కిటెక్చర్ ఏఎండీ64 బదులు ఎక్స్86 అని ఉంటే ఏ మెసేజూ రాదు. ఆ సెక్షన్ మొత్తాన్ని సెటప్ చూడనట్టే వదిలేస్తుంది.

ఇక అసలు సంగతి. సాఫ్ట్‌వేర్ వేయడానికి మనకు మామూలుగా రెండు చోట్లున్నాయి: సెటప్‌కంప్లీట్.సీఎండీ అనే స్క్రిప్ట్ ఫైలు, యూజర్ మొదటిసారి లాగిన్ అయ్యాక నడిచే ఫస్ట్‌లాగాన్‌కమాండ్స్ అనే ఆన్సర్ ఫైల్ సెక్షన్. మొదటిది సీ:\విండోస్\సెటప్\స్క్రిప్ట్స్‌లో ఉండాలి; పెన్‌డ్రైవ్‌లో సోర్సెస్\$ఓఈఎం$\$$\సెటప్\స్క్రిప్ట్స్ కింద పెడితే సెటప్పే అక్కడికి చేరుస్తుంది. ఈ స్క్రిప్ట్ లాగాన్ స్క్రీన్ రాకముందే సిస్టమ్ అకౌంట్ (విండోస్ సొంత అంతర్గత అకౌంట్) కింద నడుస్తుంది. ఒకే పెన్‌డ్రైవ్ అసెంబుల్డ్ పీసీలో చక్కగా పనిచేసి, బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒక్క సాఫ్ట్‌వేరూ వేయకపోతే జుట్టు పీక్కోనక్కర్లేదు. ఓఈఎం (పీసీ తయారీదారు ఇచ్చే) ప్రొడక్ట్ కీతో విండోస్ పడితే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లలో తప్ప సెటప్‌కంప్లీట్ అసలు నడవదు, మైక్రోసాఫ్ట్ దాన్ని కావాలనే ఆపింది. బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లకి కీ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది కాబట్టి సెటప్ దాన్నే పట్టుకుంటుంది. అలాంటి మెషీన్లకి పనంతా ఫస్ట్‌లాగాన్‌కమాండ్స్‌లోకి మార్చడమే దారి.

సిస్టమ్ అకౌంట్‌తో ఇంకో చిక్కు. యూజర్ ప్రొఫైల్‌లోకి వెళ్లే రకం ఇన్‌స్టాలర్‌ని (కొన్ని చాట్ యాప్‌లు, కోడ్ ఎడిటర్లలో యూజర్ వెర్షన్లు ఇలాంటివే) అక్కడ నడిపితే అది అంతా సవ్యమేననే 0 కోడ్‌తో దర్జాగా ముగుస్తుంది, ప్రోగ్రామ్ మాత్రం సీ:\విండోస్\సిస్టమ్32\కాన్ఫిగ్\సిస్టమ్‌ప్రొఫైల్ కింద యాప్‌డేటాలో పడి ఉంటుంది. యూజర్‌కి ఐకానూ ఉండదు, ఏదీ ఉండదు. ఇలాంటి వాటికి మెషీన్ అంతటికీ వేసే ఎంఎస్ఐ (విండోస్ ఇన్‌స్టాలర్ రకం) ప్యాకేజీ దొరుకుతుందేమో చూడండి, దొరక్కపోతే ఫస్ట్‌లాగాన్‌లోకి మార్చండి. హెచ్‌కేసీయూలో (రిజిస్ట్రీలో ప్రస్తుత యూజర్ భాగంలో) రాసే రిజిస్ట్రీ మార్పులదీ ఇదే కథ: అవి సిస్టమ్ అకౌంట్ ఖాతాలో జమవుతాయి.

స్క్రీన్ అలాగే నిలిచిపోతే మాత్రం వేరే గొడవ. సిస్టమ్ కింద నడిచే ఇన్‌స్టాలర్ ఏదైనా డైలాగ్ చూపిస్తే దాన్ని చూసేవాళ్లుండరు, ఓకే నొక్కేవాళ్లుండరు, కాబట్టి ఎంతసేపైనా అలాగే కూర్చుంటుంది. షిఫ్ట్ ఎఫ్10 నొక్కి టాస్క్‌లిస్ట్ కొడితే ఏ ఈఎక్స్ఈ ఇరుక్కుందో కనిపిస్తుంది. టాస్క్‌కిల్ /ఎఫ్ /ఐఎమ్‌తో దాన్ని ఆపేస్తే స్క్రిప్ట్ తర్వాతి లైనుకి కదులుతుంది. తర్వాత అదే ఇన్‌స్టాలర్‌ని అదే స్విచ్‌లతో మామూలు డెస్క్‌టాప్‌లో నడిపి చూడండి, అది అడుగుతున్న ప్రశ్నేమిటో బయటపడుతుంది. ఒక్కోసారి ఆ ప్రశ్న విండోస్‌దే అవుతుంది: నెట్ నుంచి డౌన్‌లోడ్ చేసిన ఫైల్ కాబట్టి తెరవమంటారా అని. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్‌లో దింపిన ఫైల్‌కి ఆ ముద్ర అంటుకుని ఉంటుంది. పవర్‌షెల్‌లో అన్‌బ్లాక్-ఫైల్ నడిపి తీసేయండి. ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఆ ముద్ర దానంతటదే పోతుంది. అందుకే పెన్‌డ్రైవ్‌తో బాగా పనిచేసింది సర్వర్‌లోకి మార్చగానే మొండికేస్తుంది.

స్విచ్‌ల గురించి కొంచెం. ఎంఎస్ఐ అయితే ఇలా:

ఎంఎస్ఐఎక్జెక్ /ఐ ప్యాకేజీ.ఎంఎస్ఐ /క్యూఎన్ /నోరీస్టార్ట్ /ఎల్*వీ లాగ్‌ఫైల్

ఇన్‌స్టాలర్లు తయారుచేసే టూల్స్‌లో ఎన్ఎస్ఐఎస్‌తో చేసినదానికి పెద్దక్షరం ఎస్సే ఉండాలి, చిన్నక్షరం పెడితే విజార్డ్ తెరుచుకుంటుంది. ఫోల్డర్ చెప్పే /డీ= అన్నిటికన్నా చివర రావాలి, దారిలో ఖాళీలున్నా కోట్స్ పెట్టకూడదు. ఇన్నో సెటప్‌కి /వెరీసైలెంట్ /సప్రెస్‌ఎంఎస్‌జీబాక్సెస్ /నోరీస్టార్ట్. పాత ఇన్‌స్టాల్‌షీల్డ్‌లో /ఎస్ /వీ"/క్యూఎన్" అని, వీ అక్షరానికీ కోట్‌కీ మధ్య ఖాళీ లేకుండా రాయాలి. ఏ రకమో తెలియకపోతే 7-జిప్‌తో తెరిచి లోపల ఏముందో చూస్తే సగం తేలిపోతుంది.

స్టార్ట్ కమాండ్ దగ్గర చేతులు కాల్చుకోనివాళ్లు తక్కువ. స్టార్ట్ /వెయిట్ తర్వాత నేరుగా కోట్స్‌లో దారి రాస్తే దాన్ని విండో టైటిల్ అనుకుంటుంది, ఇన్‌స్టాలర్ అసలు మొదలవదు. ముందు ఖాళీ కోట్స్ పెట్టాలి: స్టార్ట్ "" /వెయిట్ "దారి". అయినా కొన్ని సెటప్ ఈఎక్స్ఈలు అసలు పనిని ఇంకో ప్రాసెస్‌కి అప్పగించి తాము తప్పుకుంటాయి. స్క్రిప్ట్ తర్వాతి ఎంఎస్ఐని మొదలుపెడుతుంది, మొదటిది ఇంకా నడుస్తూనే ఉంటుంది, ఇంకో ఇన్‌స్టాల్ నడుస్తోందనే 1618 కోడ్ వస్తుంది. దానికి మందు మళ్లీ ప్రయత్నించడమే: 1618 వస్తే 30 సెకన్లు ఆగి అదే లైను మళ్లీ నడపండి. ఆగడానికి టైమ్‌అవుట్ కమాండ్ వద్దు, ఇన్‌పుట్ రీడైరెక్ట్ అయి ఉంటే ఆగకుండా ఎర్రర్‌తో బయటికొస్తుంది. పింగ్ -ఎన్ 31 127.0.0.1 నమ్మకమైనది.

మిగతా కోడ్లలో 3010 తప్పు కాదు, రీస్టార్ట్ కావాలంటుంది అంతే. 1638 వస్తే అదే ప్రొడక్ట్ ఇంకో వెర్షన్ ముందే ఉందని. విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్‌తో రోజూ కనిపిస్తుంది, వదిలేయొచ్చు. 1603 మాత్రం ఏ సంగతీ చెప్పని కోడ్. లాగ్‌లో రిటర్న్ వాల్యూ 3 అని వెతికి, దానికి పై పది ఇరవై లైన్లు చదవండి. పాత సాఫ్ట్‌వేర్ డాట్‌నెట్ 3.5 అడిగి ఆగిపోతే, ఎక్కించిన ఐఎస్ఓలోని సోర్సెస్\ఎస్ఎక్స్ఎస్‌ని డిజమ్ కమాండ్‌కి (విండోస్ ఫీచర్లు ఆన్ చేసేది) /సోర్స్‌గా ఇచ్చి, /లిమిట్‌యాక్సెస్ కలిపి నెట్‌ఎఫ్ఎక్స్3 ఫీచర్ ముందే ఆన్ చేయండి. సోర్స్ దొరక్కపోతే వచ్చే ఎర్రర్ 0ఎక్స్800ఎఫ్081ఎఫ్. ఇక సెటప్‌కంప్లీట్ లోపల షట్‌డౌన్ /ఆర్ అస్సలు రాయొద్దు. రీస్టార్ట్ తర్వాత అది ఆగిన చోటు నుంచి మొదలవదు, సిస్టమ్ అటూ ఇటూ కాని స్థితిలో ఉండిపోతుంది.

డ్రైవర్లకొస్తే, మొట్టమొదటి దెబ్బ డిస్క్ దగ్గరే. 11వ తరం ఇంటెల్ నుంచి వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్ కంట్రోలర్) ఆన్ అయి ఉన్న మెషీన్లలో సెటప్‌కి డిస్కే కనిపించకపోవచ్చు, దాంతో ఆన్సర్ ఫైల్‌లో పార్టిషన్ల సెక్షన్ దగ్గరే బోల్తా పడుతుంది. బయోస్‌లో వీఎండీ ఆపేయడం తేలికే గానీ, అదే మెషీన్‌ని ఎవరైనా తర్వాత బయోస్ రీసెట్ చేస్తే విండోస్ బూట్ కాకపోవచ్చు. ఆర్ఎస్‌టీ (ఇంటెల్ స్టోరేజ్) డ్రైవర్ ఇవ్వడమే మేలు. ఇంటెల్ ఇచ్చేది ఈఎక్స్ఈ, సెటప్‌కి కావాల్సింది ఐఎన్ఎఫ్ (డ్రైవర్ వివరాలుండే ఫైల్). సెటప్‌ఆర్ఎస్‌టీ.ఈఎక్స్ఈ -ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ ఫోల్డర్ అని కొట్టి విప్పదీసి, పెన్‌డ్రైవ్ రూట్‌లో $విన్‌పీఈడ్రైవర్$ అనే ఫోల్డర్ చేసి అందులో పెడితే సెటప్ తనే ఎక్కించుకుంటుంది. ఉన్న డ్రైవర్లన్నీ అందులో కుక్కొద్దు, స్టోరేజ్ ఒక్కటి చాలు.

మిగిలినవి విండోస్ లోపలికొచ్చాక ఒక్క లైనుతో:

పీఎన్‌పీయుటిల్ /యాడ్-డ్రైవర్ ఫోల్డర్\*.ఐఎన్ఎఫ్ /సబ్‌డిర్స్ /ఇన్‌స్టాల్

ఎస్పీ రోడ్డు పీసీల్లో ఒకే ఆర్డర్‌లోనే రెండు మూడు రకాల మదర్‌బోర్డులు వచ్చేస్తుంటాయి. అన్ని బోర్డుల డ్రైవర్లూ ఒకే ఫోల్డర్ చెట్టులో పెట్టి ఈ లైను నడిపినా పర్వాలేదు: సంబంధం లేనివి విండోస్ డ్రైవర్ స్టోర్‌లో ఊరికే కూర్చుంటాయి. 259 కోడ్ వస్తే కంగారుపడకండి. ఆ డ్రైవర్‌కి సరిపడే డివైస్ లేదనో, ఉన్న డ్రైవరే మెరుగైనదనో దానర్థం. స్క్రిప్ట్‌లో 0, 259, 3010 మూడింటినీ పాసయినట్టే లెక్కేయాలి.

డ్రైవర్ సంతకం మైక్రోసాఫ్ట్‌ది కాకుండా తయారీదారుది మాత్రమే అయితే, ఈ పబ్లిషర్‌ని నమ్ముతారా అనే డైలాగ్ రావాలి. సైలెంట్‌లో అది రాదు, డ్రైవర్ పడదు. క్యాట్ ఫైల్ (డ్రైవర్‌తో వచ్చే సంతకం ఫైల్) ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ నుంచి సర్టిఫికెట్‌ని ఫైల్‌గా తీసి, పీఎన్‌పీయుటిల్‌కి ముందు ఈ లైను పెట్టండి:

సర్ట్‌యుటిల్ -యాడ్‌స్టోర్ ట్రస్టెడ్‌పబ్లిషర్ ఫైల్.సీఈఆర్

ఈ పని చేసేముందు ఆ సర్టిఫికెట్ ఎవరిదో ఒకసారి చదవండి, ఏది పడితే అది నమ్మకస్తుల జాబితాలో చేర్చే అలవాటు మంచిది కాదు.

అంతా అయ్యాక పీఎన్‌పీయుటిల్ /ఎనమ్-డివైజెస్ /ప్రాబ్లమ్ కొడితే మిగిలిన డివైస్‌లు బయటికొస్తాయి. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు, 52 అంటే సంతకం సరిపోలేదు. సెటప్‌ఏపీఐ లాగ్‌లో మూడు ఆశ్చర్యార్థకాలతో మొదలయ్యే లైన్లే ఎర్రర్లు, వాటినే వెతకండి. ఆడియో పనిచేస్తోంది గానీ కంట్రోల్ ప్యానెల్ లేదంటే అది ఎర్రర్ కాదు. డీసీహెచ్ (కొత్త తరహా) డ్రైవర్లకి ఆ యాప్ విడిగా మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వస్తుంది.

పెన్‌డ్రైవ్ చేతులు మారేదైతే ఆన్సర్ ఫైల్‌లో ఆటోలాగాన్ పాస్‌వర్డ్ ఉందని మరవకండి. ఆన్సర్ ఫైల్ తయారుచేసే టూల్ దాన్ని గజిబిజి అక్షరాల్లో దాచినట్టు కనిపిస్తుంది గానీ అది వట్టి బేస్64, ఎవరైనా క్షణంలో విప్పేస్తారు. ఆ అకౌంట్ పాస్‌వర్డ్‌ని ఫస్ట్‌లాగాన్ చివరి కమాండ్‌గా మార్చేయండి, లేదా అకౌంట్‌నే డిజేబుల్ చేయండి.