కోకాపేటలో ఫ్లాట్ కొనబోతే మా నాన్న చేతిలో టేపు లాక్కున్నారు – నా అనుభవం

నిన్న రిజిస్ట్రేషన్ అయిపోయింది. డాక్యుమెంట్ స్కానింగ్ అయి చేతికి రావాలి, ఈలోపే రాసేస్తున్నా, ఎందుకంటే ఐదు నెలల కింద హైదరాబాద్ కోకాపేటలో ఒక సేల్స్ ఆఫీసులో మా నాన్నకి జరిగింది నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా. పేరు రాయను. కానీ ఆ వైపు నాలుగు కోట్లు పెట్టి కొందామనుకుంటున్న వాళ్ళు ఇది మొత్తం చదవండి.

నేను, మా ఆయన ఇద్దరం సాఫ్ట్‌వేరే, నాకిది పంతొమ్మిదో ఏడు. మియాపూర్‌లో 1,450 ఎస్ఎఫ్టీ (చదరపు అడుగుల) ఫ్లాట్‌లో పన్నెండేళ్ళున్నాం. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అమ్మ పోయాక నాన్న తెనాలి నుంచి మా దగ్గరికొచ్చేశారు, నాలుగు బెడ్‌రూములు లేకపోతే కుదరదని తేలిపోయింది. బడ్జెట్ నాలుగు కోట్లు. ఒకరిచ్చింది కాదు, మేమిద్దరం సంపాదించుకున్నదే, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

చూడ్డం మొదలుపెట్టాక తెలిసింది, మార్కెట్ ఎంత మారిపోయిందో. కోకాపేట, నార్సింగి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు కొత్త ప్రాజెక్టుల్లో టూ బీహెచ్‌కే అడిగితే వింతగా చూస్తున్నారు. అంతా మూడు వేల అడుగుల పైనే, ఫ్లోర్‌కి రెండే ఫ్లాట్లు, సొంత లిఫ్టు, స్కై విల్లా, పనమ్మాయికి వేరే గది, డబుల్ హైట్ బాల్కనీ. 2023 ఆగస్టులో కోకాపేటలోని నియోపొలిస్ లేఅవుట్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకి పోయింది కదా, అంత పెట్టి కొన్న స్థలంలో మామూలు జీతగాడి ఇల్లు ఎవడు కడతాడు? పైగా హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) లిమిట్ లేదు, రోడ్డు వెడల్పు ఉండి చుట్టూ ఖాళీ (సెట్‌బ్యాక్‌లు) వదిలితే ఎత్తుకి లేపుకుంటూ పోవచ్చు, అందుకే ఆ యాభై అంతస్తుల టవర్లు. ఇదంతా నాకు అర్థమైంది, రేటు ఎందుకంతుందో కూడా అర్థమైంది. అర్థం కానిది ఒక్కటే, ఒక ఫ్లాట్‌ని 3,850 ఎస్ఎఫ్టీ అంటున్నారు కదా, అందులో మేం తిరిగేది ఎంత?

ఒక శనివారం నాన్నని కూడా తీసుకెళ్ళాం. మా నాన్న తాపీ మేస్త్రి. తెనాలి చుట్టుపక్కల నలభై ఏళ్ళు ఇళ్ళు కట్టారు, ఆయన లేపిన గోడలు ఇప్పటికీ బీట తీయలేదు. ఎక్కడికెళ్ళినా తెల్ల పంచె, చేతిసంచి, సంచిలో టేపు. ఆ సేల్స్ ఆఫీసు ఫైవ్ స్టార్ హోటల్ లాగుంది, వెళ్ళగానే ఒక ఫారం ఇచ్చి కంపెనీ, హోదా, ఇప్పుడుంటున్న కమ్యూనిటీ, కారు ఏ మోడల్ అని రాయమన్నారు. రాశాం. కాఫీ ఇచ్చారు, మాకు. నాన్నని మాత్రం డ్రైవర్ అనుకున్నారో ఏమో, "మీరు అక్కడ కూర్చోండి" అని తలుపు దగ్గర కుర్చీ చూపించింది రిసెప్షన్ అమ్మాయి. మా ఆయన వెంటనే "ఆయన మా మామగారు" అన్నారు. సరే, పొరపాటు, వదిలేశాం.

మోడల్ ఫ్లాట్‌లోకి వెళ్ళాం. లైట్లు, అద్దాలు, అగరొత్తుల వాసన, పిల్లలైతే బాల్కనీ దగ్గరే ఉండిపోయారు. సేల్స్ అబ్బాయి క్లబ్‌హౌస్ గురించి చెప్తూనే ఉన్నాడు. నాన్న మాట్లాడకుండా సంచిలోంచి టేపు తీసి మాస్టర్ బెడ్‌రూమ్ గోడకి ఆనించారు, చివర పట్టుకోమని మా పెద్దాడికి ఇచ్చారు. అంతే, ఆ అబ్బాయి గబగబా వచ్చి టేపు ఆయన చేతిలోంచి లాక్కుని, "ఇదేమన్నా ఊళ్ళో ఇల్లనుకున్నావా తాతా, టేపు పెట్టి కొలవడానికి? గోడకి గీత పడితే ఎవరిస్తారు?" అన్నాడు.

నువ్వు అన్నాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని, మనవళ్ళ ముందు. మాతో అప్పటిదాకా సార్, మేడమ్, మీరు. నాకు ఒళ్ళు మండిపోయింది, నోరు తెరిచేలోపే నాన్న నా చెయ్యి పట్టుకుని "ఉండమ్మాయ్, చూసుకుందాం" అన్నారు. టేపు మా ఆయన వెనక్కి తీసుకున్నారు. మేం వెళ్ళిపోదామంటే నాన్నే ఒప్పుకోలేదు, మొత్తం చూసే వెళ్దామన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని తలొంచుకుని గది గది తిరిగారు, బాధపడుతున్నారేమో అనుకుని నాకు ఏడుపొచ్చింది.

కారెక్కాక తెలిసింది ఆయన ఏం చేశారో. టైల్స్ లెక్కపెట్టారు! టేపు వద్దన్నారు గానీ నేల చూడొద్దని ఎవరూ అనలేదు కదా. "హాల్లో వెడల్పుకి పదకొండు, పొడవుకి తొమ్మిదమ్మా. ఆ టైల్ నాలుగు బై రెండు అంటారు గానీ పొడవులో ముప్పావు అంగుళం తక్కువే ఉంటది, 22 బై 36 అనుకునేవు, 21 అడుగుల 8 అంగుళాలు, 35 అడుగుల 5 అంగుళాలు వేసుకో" అన్నారు. అలా అన్ని గదులూ, కిచెనూ, బాత్‌రూములతో సహా. ఇంకోటి, మంచాన్ని జానతో కొలిచారట, ఏడున్నర జానలు, అంటే ఐదడుగుల ఏడున్నర అంగుళాలు. మామూలు మంచం ఆరున్నర అడుగులుంటుంది. గది పెద్దగా కనపడాలని మంచమే చిన్నది చేయించి పెట్టారు. బెడ్‌రూములకి తలుపులు కూడా బిగించలేదని, స్టడీ దగ్గర గోడ ఉండాల్సిన చోట గాజు పెట్టారని ఆయనే చెప్పారు. మేం ముగ్గురం ఇంజనీర్లం ఆ కార్లో (మా పెద్దాడు ఇంజనీరింగ్ ఫస్టియర్), ఒక్కళ్ళకీ ఇది కనపడలేదు.

ఇంటికొచ్చి నాన్న లెక్క కూడితే 2,390 అడుగులు వచ్చింది. రాత్రి తెలంగాణ రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్ని నియంత్రించే సంస్థ) వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్ట్ పేజీ వెతికి చూస్తే ఆ టైపు ఫ్లాట్ కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మనం వాడుకునే స్థలం, 2,480. రెరా లెక్కలో లోపలి గోడల మందం కలుస్తుంది, బయటి గోడలూ బాల్కనీలూ కలవవు. నాన్న గోడలు లెక్కలోకి తీసుకోలేదు. అంటే తేడా ఆ గోడలదే! ఆ రాత్రి నేను నిద్రపోలేదు, గర్వంతో.

ఇప్పుడు లెక్క చూడండి. 3,850 ఎస్ఎఫ్టీ, అడుగు 10,500, అంటే 4 కోట్ల 4 లక్షలు. కార్పెట్ 2,480తో భాగిస్తే అడుగు 16,300 పడుతుంది. బాల్కనీలు 310, బయటి గోడలకి ఓ 150 తీసేసినా ఇంకా 910 అడుగులు మిగులుతుంది, లిఫ్టులు, లాబీలు, మెట్లు. ఆ 910లో క్లబ్‌హౌస్ వాటా ఉందా అని సోమవారం ఫోన్ చేసి వాళ్ళ సీనియర్ మేనేజర్‌నే అడిగా. ఆయనన్న మాట, "మేడమ్, ఈ సెగ్మెంట్‌లో కార్పెట్ ఏరియా ఎవరూ అడగరు, లైఫ్‌స్టైల్ చూస్తారు." అడగరా? ఎందుకు అడగరు? రేపు నెల నెలా మెయింటెనెన్స్ కూడా ఆ 3,850 మీదే కట్టాలి, నేను అడక్కపోతే ఎవరడుగుతారు? అడిగితే చిన్నబోతామేమో, మన దగ్గర డబ్బు లేదనుకుంటారేమో అని జనం నోరు మూసుకోవడమే వాళ్ళకి పెట్టుబడి. కూరగాయల దగ్గర పావు కిలోకి కాటా చూసేవాళ్ళం, నాలుగు కోట్ల దగ్గర చూడకూడదా?

ఇంకో మాట, 2016 రెరా చట్టం సెక్షన్ 12లో మోడల్ ఫ్లాట్ గురించి స్పష్టంగా ఉంది, అందులో తప్పుడు సమాచారం చూపించి మోసపుచ్చితే నష్టపరిహారం అడగొచ్చు, వద్దనుకుంటే డబ్బు వడ్డీతో వెనక్కి అడగొచ్చు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతం మించి తీసుకోకూడదని సెక్షన్ 13. మాకైతే మొదటి రోజే "ఇరవై శాతం కట్టేస్తే ఈ రేటు లాక్ చేస్తా" అన్నాడు ఆ అబ్బాయే. రెరా నంబర్ కూడా లేని ప్రీలాంచ్‌లు చూపించిన ఏజెంట్లు వేరే, ముగ్గురి నంబర్లు బ్లాక్ చేశా. ప్రీలాంచ్ జోలికి మాత్రం పోకండి, ఎంత తక్కువ చెప్పినా సరే, మా ఆఫీసులోనే ఒకాయన మూడేళ్ళ నుంచి తిరుగుతున్నారు.

తర్వాత మూడు నెలలు ఇంకో తొమ్మిది ప్రాజెక్టులు చూశాం. చివరికి నార్సింగిలో ఓసీ (కట్టడం పూర్తయింది, ఇక ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చేసిన టవర్‌లో తీసుకున్నాం, 3,420 ఎస్ఎఫ్టీ, కార్పెట్ 2,290, అడుగు 10,800. రేటు కొంచెం ఎక్కువే, కానీ ఓసీ వచ్చాక కొన్నాం కాబట్టి 5 శాతం జీఎస్టీ లేదు, 3 కోట్ల 69 లక్షల మీద పద్దెనిమిది లక్షల పైనే మిగిలింది. కడుతున్న దాంట్లో రేటు తక్కువని సంబరపడేవాళ్ళు ఈ జీఎస్టీ కలుపుకుని చూసుకోండి.

లోన్ సులువుగానే వచ్చింది, 75 లక్షలు దాటిన లోన్లకి ఇంటి విలువలో 75 శాతం మించి ఇవ్వరు, స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ డబ్బులు మనమే వేరేగా ఉంచుకోవాలి, మొత్తం ఏడున్నర శాతం దాకా అయ్యాయి. మియాపూర్ ఫ్లాట్ అమ్మిన లాభం ఇందులోనే పెట్టాం కాబట్టి దాని మీద పన్ను మినహాయింపు సంగతి ఆడిటర్ చూసుకున్నారు. టీడీఎస్ (అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి పట్టుకుని కట్టే పన్ను) ఒక్కటి గుర్తు పెట్టుకోండి, ఇంటి ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్ళే ఒక శాతం పట్టుకుని కట్టాలి, ఇద్దరి పేరు మీద కొంటే ఎవరి టీడీఎస్ ఫారం వాళ్ళది. లేట్ అయితే రోజుకి 200 ఫీజు. లోన్ డబ్బు బ్యాంకే బిల్డర్‌కి ఇస్తుంది కదా అని వదిలేస్తే మనమే ఇరుక్కుంటాం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాట్ బుక్ చేసుకుని వెళ్ళాం, గంటన్నరలో అయిపోయింది, అక్కడి స్టాఫ్ మర్యాదగానే మాట్లాడారు, ఆ మాట కూడా రాయాలి.

మెయింటెనెన్స్ మాత్రం ముందే అడిగి రాయించుకోండి. మాది అడుగుకి నాలుగున్నర, నెలకి 15,390, ఏడున్నర వేలు దాటింది కాబట్టి దాని మీద 18 శాతం జీఎస్టీ, అదీ రెండేళ్ళది ముందే కట్టించుకున్నారు, కార్పస్ ఫండ్ (ముందు ముందు పెద్ద ఖర్చులకి దాచే నిధి) వేరే. బ్రోషర్‌లో ఇవేవీ ఉండవు.

ఈ నార్సింగి ఫ్లాట్ ఖాయం చేసింది కూడా నాన్నే. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను గుమ్మంలోనే అడిగేశా, మా నాన్న కొలతలు తీసుకుంటారు, మీకేమన్నా అభ్యంతరమా అని. అక్కడి సైట్ ఇంజనీర్ పాతికేళ్ళ కుర్రాడు, "తీసుకోండి సార్, నేను అటు చివర పట్టుకుంటా" అని కూర్చుని మరీ పట్టుకున్నాడు. ఇద్దరూ రెండు గంటలు తిరిగారు. మూడో బెడ్‌రూమ్ మూల మట్టానికి లేదని, అంగుళం పోయిందని నాన్న చూపిస్తే అతను మూలమట్టం తెప్పించి పెట్టి చూశాడు, నిజంగానే అంగుళం. వాదించలేదు, పుస్తకంలో రాసుకుని పది రోజుల్లో ప్లాస్టర్ కొట్టించి మళ్ళీ చేయించి నాన్నకి ఫోన్ చేసి చెప్పాడు, నాకు కాదు. బాత్‌రూమ్ వాలు, కిటికీ కింద చెమ్మ, ఇలా పద్నాలుగు పాయింట్లు తేలాయి, హ్యాండోవర్‌కి ముందు పన్నెండు అయ్యాయి. మిగతా రెండూ కాగితం మీద రాయించుకున్నాం. స్వాధీనం చేశాక ఐదేళ్ళలోపు నిర్మాణ లోపాలు బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాలని రెరాలో ఉంది, కాబట్టి కాగితం జాగ్రత్త.

మాఘమాసంలో గృహప్రవేశం పెట్టుకున్నాం. ఈ వారం నుంచే వడ్రంగి పని మొదలు, కప్‌బోర్డులకి కొలతలు నాన్న నిన్ననే రాసిచ్చారు.