డముకు దారిలో తడి తువ్వాలు

"బాబూ, ఇడ్లీ ఉందా?"

విశాఖ నుంచి అరకు వెళ్తూ ఎస్.కోటలో టీ తాగుదామని ఆపితే ఐదు నిమిషాల్లో ముగ్గురు అడిగారు. నాలుగో ఆయన అడగనే లేదు, నేరుగా వెళ్లి ట్రైలర్ కిటికీ తట్టాడు. లోపల ఫ్లాస్కు కోసం వెతుకుతున్న మా ఆవిడ తలుపు తీసి చూసిన చూపుకి మళ్లీ అటు తిరగలేదు.

వాళ్ల తప్పేముంది? 1984 నాటి అంబాసిడర్ తెల్ల డబ్బా ఒకటి తగిలించుకుని పోతుంటే టిఫిన్ బండే అనుకుంటారు. మా బావమరిది సరదాపడి ఆటోనగర్‌లో కట్టించిన డబ్బా అది. ఇద్దరు పడుకోవచ్చు, మూడోవాడికి కారు వెనక సీటు. ఖాళీగా 400 కిలోలు. దాన్ని కారుకి తగిలించే కొక్కెం బిగించడానికే మెకానిక్ మమ్మల్ని వారం తిప్పాడు. అంబాసిడర్‌కి జీపులా విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు, బాడీయే ఛాసిస్. అందుకని డిక్కీ అడుగున ఇనుప పలకలు వేసి బోల్టులు దింపాడు. బిల్లెంతో ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది.

బయల్దేరే ముందు అందరిదీ ఒకటే మాట: ఘాట్‌లో లాగదు. 1489 సీసీ ఇంజను, 50 గుర్రాల బలం, తయారీయే 2014లో ఆగిపోయిన బండి, ఎందుకొచ్చిన తంటా అన్నారు. తీరా తంటా చదును రోడ్డు మీదే వచ్చింది. హనుమంతవాక నుంచి సింహాచలం మీదుగా పెందుర్తి దాకా హాయిగా వచ్చాం. కొత్తవలస దాటి 60 అందుకోగానే డబ్బా తోక ఊపడం మొదలెట్టింది. అద్దంలో ఒకసారి ఎడమ పక్క కనిపిస్తుంది, ఒకసారి కుడి పక్క. బ్రేకు జోలికి పోకుండా యాక్సిలరేటర్ వదిలేస్తే మెల్లగా సర్దుకుంది. దిగి చూస్తే నీళ్ల క్యాన్లు, సిలిండరు అన్నీ చక్రాలకి వెనక పెట్టుకున్నాం. డబ్బా బరువులో పదో వంతైనా కొక్కెం మీద పడాలి, మాదేమో కొక్కేన్ని పైకి లేపుతోంది. సామానంతా ముందుకి జరిపాక కారు వెనక భాగం కాస్త కుంగింది కానీ, ఊపు పోయింది.

ఘాట్ ఎక్కింది. మొదటి గేరు, రెండో గేరు, మళ్లీ మొదటి గేరు. ముక్కుతూ మూలుగుతూ ఎక్కింది. టైడ దాటాక ఒక మలుపులో పైనుంచి టూరిస్టు బస్సు వస్తుంటే ఆగాల్సి వచ్చింది. అంతే, ఇంజను పోయింది. స్టార్టర్ తిరుగుతోంది గానీ ఇంజను అందుకోదు. బావమరిది పరుగెత్తి కారు చక్రాల వెనకా డబ్బా చక్రాల వెనకా రాళ్లు పెట్టాడు. కింద డజను బైకుల హారన్లు.

మోపెడ్ మీద పోతున్న ఓ పెద్దాయన ఆగాడు. బానెట్ ఎత్తమన్నాడు.

"ఏటి బాబూ, ఆవిరి పట్టేసినాది. గుడ్డ తడిపి ఏసీ పంపు మీద సుట్టండి."

ఏసీ అంటే చల్లగాలి కాదు, ఇంజను పక్కన పెట్రోలు తోడే పంపుకి మెకానిక్కులు పెట్టుకున్న పేరు. నత్తనడకన ఎక్కేసరికి గాలి చాలక, ఆ వేడికి పంపులో పెట్రోలు బుడగలు కట్టేసింది. మా ఆవిడ కొత్త తువ్వాలు బలైంది. తడిగుడ్డ మీంచి పొగలు లేచాయి, ఇంకో సీసా నీళ్లు పోశాం.

మా నాన్న ఎండాకాలంలో ఇదే కారు డ్రైవరు సీటు కింద ఒక గోనెసంచి ముక్క పెట్టుకునేవారు. కాళ్లు తుడుచుకోవడానికనుకునేవాణ్ని.

పావుగంటకి ఇంజను అందుకుంది. డబ్బులిస్తే పెద్దాయన తీసుకోలేదు. పాతికేళ్లు అంబాసిడర్ టాక్సీ తోలాడట. "ఓపాలి కూకోనా బాబూ?" అని సీట్లో కూర్చుని, క్లచ్ తొక్కి, స్టీరింగ్ పక్కనున్న గేరు రాడ్డుని రెండుసార్లు అటూ ఇటూ వేసి చూసుకున్నాడు. "రెండోది ఇంకా బిగువుగానే ఉంది" అని దిగి వెళ్లిపోయాడు.

అరకులో రెండు రాత్రులు. కాఫీ బాగుంది, చలి బాగుంది. బొంగు చికెన్ ధర వింటే వెదురు కూడా తినమంటారేమో అనిపించింది. ఒకచోట పార్కింగ్ కుర్రాడు రెండు టికెట్లు చింపాడు. ఇదేంటంటే, "నంబరు ప్లేట్లు రెండున్నాయి కదండీ" అన్నాడు. నోరు మూసుకుని కట్టాను.

దిగేటప్పుడు డబ్బా వెనకనుంచి తోస్తూనే ఉంది. మాది నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, పదే పదే తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అందుకే గేరు తగ్గించి ఇంజను మీదే దించాను. డముకు వ్యూ పాయింట్ దగ్గర అందరూ ఫొటోలు దిగారు, నేను మాత్రం చక్రాలు తాకి చూసుకున్నాను.

ఎంవీపీ కాలనీకి చేరేసరికి రాత్రి ఎనిమిది. మా సందులోకి రివర్స్ చేయాలి. స్టీరింగ్ కుడికి తిప్పితే డబ్బా ఎడమకి పోతుంది. "బావా, ఎడమకి! ఇంకా ఎడమకి!" అని బావమరిది, వద్దు కుడికని ఎదురింటాయన. అరగంటకి కొక్కెం ఊడదీసి, ఐదుగురం చేత్తోనే తోసుకొచ్చాం. గేటు తీస్తూ మా ఆవిడ, "వచ్చేసారి అరకుకి కిరండూల్ రైలే" అంది.