సూది లేకుండా నరం కాలుస్తారట, సరే, కానీ ఏ నరం?

నడుం నొప్పికి సూది గుచ్చకుండా అల్ట్రాసౌండ్‌తోనే నరం కాల్చే పద్ధతి ఒకటి వస్తోంది. అల్ట్రాసౌండ్ అనగానే ఫిజియోథెరపీలో జెల్ రాసి రుద్దే చిన్న మిషన్ గుర్తొస్తుంది, ఇది అది కాదండీ. ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ అంటే చిన్నప్పుడు ఎండలో భూతద్దం పెట్టి కాగితం కాల్చేవాళ్ళం చూడండి, ఆ లెక్క. తరంగాలన్నీ లోపల ఒక్క చుక్క దగ్గర కలిసి అక్కడే వేడి పుట్టిస్తాయి, పైన చర్మానికి కోత ఉండదు, సూది ఉండదు. ఎముక ఈ తరంగాల్ని బాగా పీల్చుకుంటుంది, కాల్చాల్సిన నరమేమో ఎముకని ఆనుకునే పోతుంది, ఎముక వేడెక్కితే నరమూ మాడుతుంది.

ఆ నరం పేరు మీడియల్ బ్రాంచ్. వెన్నుపూసల వెనకాల రెండు పక్కలా ఫాసెట్ జాయింట్లని ఉంటాయి, వయసుతో అరుగుతాయి, ఆ నొప్పిని పైకి మోసేది ఈ నరాలే. ఒక్కో జాయింట్‌కి రెండు నరాలు, ఎల్4-ఎల్5 జాయింట్ (నడుం పూసల్లో నాలుగు, ఐదు కలిసే చోటు) అయితే ఎల్3, ఎల్4 బ్రాంచ్‌లు రెండూ కాల్చాలి. కాళ్ళు కదిపే నరాలు వేరే కాబట్టి నడక పోదు (మా అమ్మ డాక్టర్ని అడిగిన మొదటి మాట ఇదే).

అమ్మకి చేసింది పాత పద్ధతి, రేడియోఫ్రీక్వెన్సీ, అంటే సూది కొసని కరెంట్‌తో వేడెక్కించి నరం కాల్చడం. బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెట్టి, సీ-ఆర్మ్ ఎక్స్‌రేలో చూస్తూ సూది దించి, 80 డిగ్రీల దాకా వేడి చేస్తారు, ఒక నిమిషం, నిమిషంన్నర అంతే. కాల్చే ముందు సన్నగా కరెంట్ పంపి "కాలు ఏమన్నా ఎగురుతోందా అమ్మా" అని అడుగుతారు, ఎగిరితే సూది జరపాలి. అల్ట్రాసౌండ్‌లో లోపల సూదే లేదు కాబట్టి ఈ చెకింగ్ కుదరదు, గురి మొత్తం స్కాన్ మీదే పెట్టాలి, నాకైతే ఇది చిన్న విషయం అనిపించలేదు.

ఇంకోటి, సూది లేదని సంబరపడేవాళ్ళు టెస్ట్ బ్లాక్ సంగతి మర్చిపోతున్నారు. ఎమ్మారైలో అరుగుదల చాలామందికి కనపడుతుంది, నొప్పి అక్కడిదేనని అది చెప్పదు. అందుకే ముందు ఆ నరాల దగ్గర మత్తుమందు వేసి చూస్తారు, నొప్పి సగానికి సగం, కొందరు డాక్టర్లైతే 80 శాతం తగ్గితేనే కాల్చడం గురించి మాట్లాడతారు. ఆ టెస్ట్ చేసిన రోజు అమ్మ హాస్పిటల్ వరండాలో గోడ పట్టుకోకుండా వెనక్కి వంగింది, ఎన్నాళ్ళకో! రాత్రికి మందు దిగి నొప్పి తిరిగొస్తే డబ్బులు దండగ అని ఒకటే గొణుగుడు, డాక్టరేమో అదే మనకి కావాల్సిన రుజువు అన్నాడు. రేపు అల్ట్రాసౌండ్ వచ్చినా ఈ టెస్ట్ సూది తప్పదు.

అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఫోకస్డ్ అల్ట్రాసౌండ్‌ని ఎముకలకి పాకిన క్యాన్సర్ నొప్పికి 2012లో, చేతుల వణుకుకి 2016లో ఒప్పుకుంది. ఫాసెట్ నొప్పి మీద వచ్చినవి ఎక్కువగా కొద్దిమందితో చేసిన చిన్న స్టడీలే. డిస్క్ జారి కాల్లోకి లాగే నొప్పికైతే దీంతో పని లేదు.

ఎలా కాల్చినా నరం మళ్ళీ మొలుస్తుంది, నొప్పి తగ్గి ఉండేది చాలామందికి ఆర్నెల్ల నుంచి ఏడాది, కొందరికి ఇంకాస్త ఎక్కువ. మళ్ళీ మళ్ళీ చేయించుకోవాల్సిన పని కాబట్టే సూది లేకపోవడం నిజంగా కలిసొచ్చేది ఇక్కడ. అమ్మకి పొద్దున లేచేటప్పుడు పట్టేయడం మళ్ళీ మొదలైంది, ఆ కొత్తదొచ్చేదాకా ఆగుదామా అంటే వద్దంది, సూదికే డేట్ తీసుకున్నాం.