రాష్ట్రం వచ్చిన ఏడు పుట్టిన మా అమ్మ

మా అమ్మ ఆధార్‌లో పుట్టిన తేదీ 01-01-1962 అని ఉండేది. కార్డు తీసిన రోజు తేదీ చెప్పలేకపోతే మనిషిని చూసి అంచనాగా వేసేశారు. ఇన్నాళ్లూ మేమూ పట్టించుకోలేదు. మోకాళ్ల నొప్పులు ముదిరాక, తిరుమల కొండమీద వృద్ధుల దర్శనానికి బుక్ చేద్దామని కూర్చుంటే 65 ఏళ్లు నిండలేదని తీసుకోలేదు. అమ్మకు డెబ్బై దాటి చాన్నాళ్లయింది.

ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు. మా దగ్గర వేరే ఆధారమేదీ లేదు, అమ్మ బడికే పోలేదు. కాబట్టి జనన ధ్రువపత్రం తెచ్చుకోవాల్సిందే. చంద్రగిరి పక్కన అమ్మమ్మగారి ఊళ్లో ఆమె పుట్టుకను ఎవరూ రాయించలేదు. ముందు 'రికార్డుల్లో లేదు' అని సచివాలయంలో ఒక పత్రం, తర్వాత నోటరీ దగ్గర అఫిడవిట్, ఆ రెండూ జతచేసి ఆలస్య నమోదుకు అర్జీ. వీఆర్వో ఊరికొచ్చి విచారించి రాస్తారు, ఫైలు తహసీల్దారు మీదుగా ఆర్డీవోకు పోతుంది. ఇదంతా తిరుగుడే. అసలు కష్టం ఏడు తేల్చడంలో వచ్చింది.

"రాష్ట్రం వచ్చిన ఏడు, జంధ్యాల పౌర్ణమి నాడు." అమ్మకు తెలిసింది ఇంతే. అఫిడవిట్ టైపు చేసినాయన రాష్ట్రం అనగానే 1956 అని కొట్టేశాడు. నేనూ సరే అనుకుని అమ్మ చేత వేలిముద్ర వేయించాను. విచారణలో మా పెద్దమామ "చెల్లెలు పుట్టేటప్పటికి నాకు పన్నెండేళ్లు" అన్నాడు. ఆయన టీసీలో 1941 అని ఉంది. లెక్క కుదరక ఫైలు వెనక్కి వచ్చింది.

ఆ సాయంత్రం అరుగుమీద మామ పక్కన కూర్చుని అడిగాను.

"హైదరాబాదు ఎక్కడిదిరా అప్పుడు? కర్నూలు కదా రాజధాని! గుడారాల్లో ఆఫీసులు పెట్టినారంటే నవ్వుకునేవాళ్లం. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. పొట్టి శ్రీరాములు పోయింది అంతకు ముందటి చలికాలంలో."

అప్పటికి గానీ నాకు వెలగలేదు. 58 రోజుల నిరాహార దీక్షతో శ్రీరాములుగారు ప్రాణం విడిచింది 1952 డిసెంబర్ 15న. మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబర్ 1న. తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956 నవంబర్ 1న. మా చిత్తూరు సీమ పెద్దలకు రాష్ట్రం రావడమంటే మొదటిదే. ఎందుకో మామే చెప్పాడు. తిరుపతి, తిరుత్తణి తమకే కావాలని తమిళ నాయకుడు మ.పొ.శివజ్ఞానం మద్రాసు వైపు ఉద్యమం నడుపుతుంటే, మనం ఎటు పోతామోనని ఇక్కడ ఇంటింటా బెంగే. తిరుపతి మనకు ఉండిపోయింది. తిరుత్తణి 1960లో అటు పోయింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు "రాష్ట్రం వచ్చినప్పుడు" అంటే, కర్నూలా హైదరాబాదా అని ఒక మాట అడగండి.

మామ లోపలికి పోయి తాతగారి పద్దుల పుస్తకం తెచ్చాడు. అంచులు చెదలు తిన్నాయి. వేరుశనగల బాకీకీ ఎద్దుల సంత ఖర్చుకీ మధ్య ఒక్క వరుస: "విజయ, శ్రావణ శు. 15, సోమవారం, ఆడపిల్ల." 1956 దుర్ముఖి నామ సంవత్సరం. విజయ అంటే 1953, మళ్లీ వచ్చింది 2013లోనే. పాత పంచాంగం తీయిస్తే ఆ శ్రావణ పౌర్ణమి ఆగస్టు 24, సోమవారమే. ఆ నెలల్లోనే టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్టు ఎక్కారని ఊరంతా చెప్పుకున్నారట. మే 29న ఎక్కారు, అదీ సరిపోయింది.

అఫిడవిట్ మళ్లీ రాయించి, పద్దు పేజీ నకలు, మామ టీసీ జతచేశాను. వీఆర్వోగారు ఈసారి మామ చెప్పిందంతా వాంగ్మూలంలో ఓపిగ్గా రాసుకున్నారు, కర్నూలు గుడారాలతో సహా. ఆర్డరొచ్చింది, ఆధార్ మారింది.

రాష్ట్రం కంటే నువ్వు 38 రోజులు పెద్దదానివమ్మా అంటే, కార్డును రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసుకుంది. వచ్చే నెలకు దర్శనం దొరికింది. మామను కూడా తీసుకుపోదామంటోంది.