మీరిప్పుడు ఏ పేజీలో ఉన్నారు?

రెండేళ్ల కిందటి మాట. విజయవాడలో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర 302 ఆంటీ కనిపించారు. ఒక చేతిలో కూరల సంచి, చంకలో అట్ట చిరిగిన పుస్తకం. "ఏం చదువుతున్నారాంటీ?" అని అడిగాను. ఆవిడ గబుక్కున పుస్తకాన్ని కొత్తిమీర కట్టల మధ్యకి తోసేసి, "ఏదో లేమ్మా, ఊరికే కాలక్షేపానికి" అన్నారు. లిఫ్ట్ మూడో అంతస్తుకి చేరేదాకా మళ్లీ నా వైపు చూడలేదు.

ఆ సంగతి నా మనసులోంచి పోలేదు. ఏం వండుకున్నామో, ఏం కొనుక్కున్నామో, పిల్లలకి ఎన్ని మార్కులొచ్చాయో మెట్ల మీద నిలబడి చెప్పేసుకుంటాం. చదివే పుస్తకం దగ్గరికొచ్చేసరికి దాచుకోవడం ఎందుకు? మా అమ్మ అలా కాదు. స్వాతి మాసపత్రికలో ఇంగ్లీషు నవలల కథలు చెప్పే మాలతీ చందూర్ గారి 'పాతకెరటాలు' వచ్చినన్నాళ్లూ ఆ పేజీలు కత్తిరించి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్ట వేసి దాచింది. ఇంగ్లీషు నవలలు ఒక్కటీ చదవలేదు గానీ, వాటి కథలు పక్కింటివాళ్లకి చెప్పేది. "నేను చదివానని కాదు, ఆవిడ చదివి చెప్పింది, నేను మీకు చెబుతున్నా" అనేది. అప్పుడు మా అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు పప్పులో రాళ్లు ఏరుకుంటూ వినడం నాకు బాగా గుర్తు.

అలాంటిది మళ్లీ మొదలుపెట్టాలనిపించింది. లిఫ్ట్ పక్కన వాటర్ ట్యాంకర్ నోటీసు కింద ఇంకో కాగితం అంటించాను. మొదటి ఆదివారం సాయంత్రం అయిదింటికి డాబా మీద కూర్చుందాం, ఎవరేం చదువుతున్నారో చెప్పుకుందాం అని. ఫిబ్రవరి నెల. జనవరిలో బుక్ ఫెస్టివల్ ముగిసి నెల కూడా కాలేదు. 1989 నుంచి ఈ ఊళ్లో ఏటా జరిగే పండగ అది. అక్కడికెళ్లి వట్టి చేతులతో వచ్చేవాళ్లు తక్కువ. కాబట్టి అందరిళ్లలో పుస్తకాలుంటాయి, చెప్పుకోవడానికి కరువుండదు అనుకున్నాను.

మొదటి నెల పదకొండు మంది వచ్చారు. టీ, జంతికలు బాగానే కుదిరాయి. పుస్తకాల సంగతే కుదరలేదు. ఒక్కొక్కరూ తమకి తెలిసినవాటిలో ఏది పెద్ద పుస్తకమో దాని పేరు చెప్పారు. ఒకరు మహాప్రస్థానం అన్నారు, ఒకరు మాలపల్లి అన్నారు. నేను విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు చదువుతున్నానన్నాను. పుస్తకం నా దగ్గరున్న మాట నిజం, నలభయ్యో పేజీ దాటని మాటా నిజం. రెండోది నేను చెప్పలేదు. నాలుగో అంతస్తులో ఉండే రిటైర్డ్ లెక్చరర్ మాస్టారు శ్రీశ్రీ మీద ముప్పావుగంట అద్భుతంగా మాట్లాడారు. అందరం చప్పట్లు కొట్టాం. కానీ ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వినే సభ అయిపోయింది అది. రెండో నెల ఆరుగురం, మూడో నెల నలుగురం. 302 ఆంటీ ఒక్కసారీ రాలేదు.

మూడో నెల మమ్మల్ని నిలబెట్టింది 403లో ఉండే తొమ్మిదో తరగతి కుర్రాడు. వాళ్ల నాన్నతో ఊరికే వచ్చి ట్యాంకు మెట్ల మీద కూర్చున్నాడు. అందరి పుస్తకాల పేర్లూ విని, చాలా మామూలుగా అడిగాడు. "ఆంటీ, మీరిప్పుడు ఏ పేజీలో ఉన్నారు?"

నాకు నోరు పెగల్లేదు. వాడు వెక్కిరించడానికి అడగలేదు. వాడి క్లాసులో ఏ పుస్తకమైనా ఎన్నో పేజీ అనే మొదలవుతుంది, అందుకని అడిగాడు. "నలభై" అన్నాను చివరికి. "ఆ పుస్తకం దాదాపు వెయ్యి పేజీలుంటుంది నాన్నా. నేను నలభైలో ఉన్నాను." చెప్పేశాక గుండె మీది బరువు దిగినట్టయింది.

మాస్టారి వంతు వచ్చింది. ఆయన కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుంటూ కాసేపు ఊరుకున్నారు. "నేను ఏ పేజీలోనూ లేనురా అబ్బాయ్. రెండేళ్లనుంచీ అక్షరాలు అలుక్కుపోతున్నాయి. శుక్లాలట. ఆపరేషనంటే భయమేసి వాయిదా వేస్తున్నా. మొన్న మీకు చెప్పిందంతా ఎప్పుడో కంఠతా వచ్చింది" అన్నారు. ముప్పావుగంట మాట్లాడిన మనిషి ఆ నాలుగు మాటలకే అలిసిపోయారు. పక్కింట్లో ఉంటూ మాకెవరికీ ఆ సంగతి తెలియదు.

ఆ రోజునుంచే పద్ధతి మారింది. పుస్తకం పేరుతో పాటు పేజీ నంబరు చెప్పాలి. ఎప్పుడో చదివేసినదాని గురించి వద్దు, ఇప్పుడు చేతిలో ఉన్నదే చెప్పాలి. ఉన్న పేజీలోంచి ఒక సగం పేజీ పైకి చదవాలి. ముగింపు చెప్పకూడదు. నచ్చక ఆపేస్తే ఆపేసిన పేజీ చెబితే చాలు, సంజాయిషీ అక్కర్లేదు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని తేదీ, ఫ్లాట్ నంబరు, పుస్తకం, పేజీ అని గీతలు కొట్టాను. రాసే పని కుర్రాడికిచ్చాం.

పేజీ నంబరు చెప్పడం మొదలయ్యాక నిజాలు బయటికొచ్చాయి. శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చే 501 అబ్బాయి గోపీచంద్ గారి అసమర్థుని జీవయాత్ర అరవయ్యో పేజీలో ఆపేశానన్నాడు. "బాగోలేకా?" అని ఎవరో అడిగారు. "కాదండీ. ఆ సీతారామారావుని చూస్తే నాకు నేనే కనిపిస్తున్నాను. టెన్షన్ వచ్చి మూసేశాను" అన్నాడు. ఆ మాట విని ఇద్దరు ఆ పుస్తకం తెప్పించుకున్నారు. పుస్తకం గురించి ఎన్ని పొగడ్తలు విన్నా అంత పని జరగదని నా నమ్మకం. అతను మూడు నెలల తర్వాత మళ్లీ అరవయ్యో పేజీనుంచి మొదలుపెట్టాడు.

నోట్‌బుక్‌లో పక్కపక్కనే పడ్డ రెండు పుస్తకాల గురించి కూడా చెప్పాలి. నేను వేయిపడగలుతో కుస్తీ పడుతుంటే 105లో ఉండే వదినగారు అడివి బాపిరాజు గారి నారాయణరావు మొదలుపెట్టారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో బహుమతి ఈ రెంటికీ కలిపి పంచారని మాస్టారు చెప్పేదాకా మా ఇద్దరికీ తెలియదు. అప్పట్నుంచి నెలనెలా ఒకరి నవల ఒకరికి చెప్పుకుంటున్నాం. ఆవిడ ఇప్పటికే పూర్తి చేసి వేరేదానిలో పడ్డారు. విశ్వనాథ వారు వేయిపడగలుని ఇరవైతొమ్మిది రోజుల్లో చెప్పుకుపోతే తమ్ముడు రాశారంటారు. చదవడానికి నాకు నెలలకి నెలలు పడుతోంది. ఆ నవల నడిచే సుబ్బన్నపేటలో అంతకాలం ఉండటం నాకు ఇష్టంగానే ఉంది.

ఈ రెండేళ్లలో నేను మర్చిపోలేనిది 'యజ్ఞం' కథ చదివిన రెండు ఆదివారాలు. 204లో ఉండే బ్యాంకు ఉద్యోగిని అరసవల్లి దర్శనానికి వెళ్లినప్పుడు శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు స్థాపించిన కథల గ్రంథాలయం, కథానిలయం చూసొచ్చారు. వచ్చిన నెలలోనే 'యజ్ఞం' ఉన్న ఆయన కథల పుస్తకం పట్టుకుని డాబా ఎక్కారు. సగం పేజీ చదివి ఆపబోతే ఎవరూ ఆపనివ్వలేదు. కథలో సుందరపాలెంలో అప్పల్రాముడి బాకీ మీద పంచాయతీ నడుస్తోంది. ఆవిడది గుంటూరు, ఆ యాస పలకడానికి తడబడుతున్నారు. తీగ మీద బట్టలు తీసుకుంటున్న వాచ్‌మన్ భార్య ఒక మాట దగ్గర "అలా కాదమ్మా" అని సరిచేసింది. ఆమెది పలాస దగ్గర పల్లెటూరు. తర్వాత ఏ మాట దగ్గర ఆగినా అందరం ఆమె వైపే చూశాం. "మీరు ఆసామీ అంటారు చూడండి, మా కాడ బుగత అంటాం" అని ఇంకా ఇంకా చెప్పింది. బట్టలన్నీ ఒళ్లో పెట్టుకుని గోడకి ఆనుకుని అక్కడే కూర్చుండిపోయింది.

చీకటి పడింది. ఫోన్ లైట్ వేసుకుని చదివినా ఆ రోజు కథ అవలేదు. నెల ఆగే ఓపిక ఎవరికీ లేక వచ్చే ఆదివారమే మళ్లీ కూర్చున్నాం. ఈసారి ఆమె అందరికన్నా ముందొచ్చి కూర్చుంది. బాకీ న్యాయమా కాదా అని మధ్యలో పెద్ద వాదన. బ్యాంకులో పనిచేసే ఆవిడే "కాగితం ప్రకారం అప్పు అప్పే" అన్నారు. వాచ్‌మన్ భార్య నెమ్మదిగా, "కాగితం నిజమేనమ్మా. మా మావయ్య కూడా కాగితం ప్రకారమే భూమి ఇచ్చేసి ఈ ఊరొచ్చాడు" అంది. ఆ తర్వాత వాదన సాగలేదు. చివరి పేజీ చదివాక చాలాసేపు ఎవరూ లేవలేదు. ముందు ఆమే లేచి, మిగిలిన బట్టలు తీసుకుని కిందికి వెళ్లింది. 1964లో అచ్చయిన కథ. ఆ సాయంత్రం మా డాబా మీద జరిగినట్టే ఉంది.

చేదు అనుభవాలూ ఉన్నాయి. చదువుతున్నది చెప్పుకోవడం మొదలైతే "ఒకసారి ఇస్తారా?" అన్న మాట వెంటనే వస్తుంది. గోర్కీ 'అమ్మ'కి క్రొవ్విడి లింగరాజు గారి తెలుగు అనువాదం మా నాన్న దగ్గరుండేది. ఆయన కాలేజీ రోజుల్లో కొన్నది. మొదటి పేజీలో నీలం సిరాతో సంతకం. అడిగినవాళ్లకి ఇచ్చాను. వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు, పుస్తకం రాలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను, మూడోసారి చేయబుద్ధి కాలేదు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగి అదే పుస్తకం సంపాదించాను. అందులో ఎవరిదో వేరే సంతకం ఉంది. చదవడానికి అదే పుస్తకం, నాన్న చేతిరాత మాత్రం పోయింది. ఇప్పుడు నోట్‌బుక్ వెనక వైపు ఎవరి పుస్తకం ఎవరి దగ్గరుందో రాస్తున్నాం. పేర్లున్న పాత పుస్తకాలు మాత్రం డాబా మీదే చదివించుకుంటాను, కిందికి పంపను.

302 ఆంటీ ఏడో నెలలో వచ్చారు. నేను పిలవలేదు, వాచ్‌మన్ భార్య పిలిచిందట. సంచిలోంచి అదే అట్ట చిరిగిన పుస్తకం తీశారు. యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీ. "నాలుగోసారి చదువుతున్నాను. తొంభై ఆరో పేజీ" అన్నారు. మాస్టారి ముందు ఆ పేరు చెప్పడానికి ఇన్నాళ్లూ సిగ్గుపడ్డారని అర్థమైంది. తర్వాత ఆవిడ చెప్పింది విన్నాక ఆ సిగ్గు మాకు అంటుకుంది. పెళ్లికి ముందు ఆ నవల చదివి, అందులో జయంతిలా ఉద్యోగం చేయాలని ఇంట్లో పోరి టైపు నేర్చుకున్నారట. లోయరూ, హయ్యరూ రెండూ పాసయ్యారు. ఇంటర్వ్యూ కార్డు వచ్చిన వారంలో పెళ్లి కుదిరింది. "ఉద్యోగం చెయ్యలేదు గానీ వేళ్లు ఇంకా మర్చిపోలేదమ్మా" అంటూ పుస్తకం అట్ట మీద పది వేళ్లూ ఆడించి చూపించారు. మాస్టారు కుర్చీలోంచి ముందుకి వంగి, "సగం పేజీ చదవండమ్మా" అన్నారు. ఆవిడ రెండు పేజీలు చదివారు.

మాస్టారికి కిందటి సంక్రాంతి తర్వాత ఆపరేషన్ అయింది. అంతకు చాలా ముందునుంచే శనివారాల్లో కుర్రాడు వాళ్లింటికెళ్లి చదివి వినిపించేవాడు. వాడిది ఇంగ్లీషు మీడియం. తెలుగు అక్షరం మీద వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కునేవాడు. ఒత్తు మింగేస్తే మాస్టారు ఆపి మళ్లీ పలికించేవారు. చిలకమర్తి వారి గణపతి అలా ఇద్దరూ కలిసి పూర్తి చేశారు. ఇప్పుడు బారిష్టరు పార్వతీశం నడుస్తోంది. మాస్టారికి చూపు బాగా వచ్చింది, పేపరంతా ఆయనే చదువుకుంటున్నారు. ఆ ఒక్క పుస్తకం మాత్రం గుర్తు పెట్టిన చోటే మూసి టీవీ పక్కన ఉంచుతారు.

మొన్న ఆదివారం నోట్‌బుక్‌లో నా పేరు ఎదురుగా 640 అని రాసుకున్నాను. 302 ఆంటీ చిల్లర దేవుళ్లు మొదలుపెట్టి పన్నెండో పేజీలో ఉన్నారు, తెలంగాణ మాటల కోసం కరీంనగర్ కోడలికి ఫోన్లు చేస్తున్నారు. మాస్టారి గడి ఖాళీగా ఉంది. కుర్రాడికి పదో తరగతి పరీక్షలు. మొగల్తూరు నుంచి బయల్దేరిన పార్వతీశం ఓడెక్కాడు. వాడి పరీక్షలయ్యేదాకా సముద్రం మీదే ఉంటాడు.