అర్జునుడి వణుకు, ఛాతీ మీద హోల్టర్

సీదంతి మమ గాత్రాణి ముఖం చ పరిశుష్యతి
వేపథుశ్చ శరీరే మే రోమహర్షశ్చ జాయతే
గాండీవం స్రంసతే హస్తాత్ త్వక్చైవ పరిదహ్యతే
న చ శక్నోమ్యవస్థాతుం భ్రమతీవ చ మే మనః

గీత మొదటి అధ్యాయంలో 28 నుంచి 30 దాకా ఉన్న ఈ మాటలను చాలామంది గబగబా దాటేసి రెండో అధ్యాయంలోకి వెళ్ళిపోతారు. రేపో ఎల్లుండో హోల్టర్ (ఛాతీకి తగిలించుకుని తిరిగే, గుండె స్పందనలను రాసుకునే చిన్న యంత్రం) పెట్టే గుండె పరీక్ష ఉండి, ఆసుపత్రి పేరు వింటేనే కాళ్ళు వణికేవాళ్ళు ఆగాల్సింది మాత్రం ఇక్కడే. అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరెండిపోతోంది, ఒళ్ళు వణుకుతోంది, రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయి, గాండీవం చేజారుతోంది, చర్మం మండుతోంది, నిలబడలేను, మనసు గిర్రున తిరుగుతోంది. అర్జునుడు ఒక్కటీ దాచుకోలేదు.

నిజానికి అతనిది ప్రాణభయం కాదు, అయినవాళ్ళను చంపాల్సి వస్తుందన్న విషాదం. ఒంటికి ఆ తేడా పట్టదు. కలత ఏదైనా అడ్రినలిన్ అనే హార్మోన్ చేసే పని దాదాపు ఒకటే. లాలాజలం తగ్గుతుంది, కండరాలు వణుకుతాయి, వెంట్రుకల మొదళ్ళలోని చిన్న కండరాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెరుగుతుంది. గబగబా ఊపిరి పీల్చడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది.

తర్వాత జరిగింది చూడండి. కృష్ణుడి మొదటి జవాబు మందలింపే. "క్షుద్రం హృదయదౌర్బల్యం", అంటే నీచమైన ఈ గుండె బలహీనత, వదిలి లేవమన్నాడు. అర్జునుడు లేవలేదు. "శిష్యస్తేఽహం, శాధి మాం" (నీ శిష్యుణ్ణి, నాకు బోధించు) అని శరణు వేడాడు. అయినా "న యోత్స్యే" (యుద్ధం చేయను) అని మౌనంగా కూర్చుండిపోయాడు. ఉపదేశం ఆ తర్వాతే, రెండో అధ్యాయం 11వ శ్లోకంలో మొదలైంది. "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అని ఇంట్లోవాళ్ళు పదిసార్లు అన్నా గుండెదడ తగ్గడం లేదంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సాక్షాత్తూ భగవంతుడి మందలింపుతోనే తీరని కలత అది. దాన్ని కదిలించేది, ఏం జరుగుతోందో వివరంగా చెప్పుకోవడం, తెలిసినవాళ్ళను అడగడం.

కాబట్టి టెక్నీషియన్ ఎదుట కూర్చున్న వెంటనే చెప్పేయండి: "నాకు ఆసుపత్రంటే భయం. ఏం చేస్తున్నారో ఒక్కొక్కటీ ముందు చెప్పి చేయండి." వాళ్ళకిది కొత్త కాదు. వెంట ఒకరిని తీసుకెళ్ళండి. వీలైతే ముందు రోజు వెళ్ళి ఆ వరండాలో కాసేపు కూర్చోండి, భయం కాస్త దిగాకే లేవండి. భయం పతాకస్థాయిలో ఉండగా పారిపోతే, పారిపోవడమే మేలని మనసు నేర్చుకుంటుంది.

హోల్టర్ అంటే భయపడేవాళ్ళు తరచూ అనుకునేది, అది ఒంట్లోకి కరెంటు పంపుతుందని. పంపదు. సూది లేదు, మత్తు లేదు. గుండె తనంతట తాను పుట్టించే సన్నటి విద్యుత్తును ఛాతీకి అంటించిన ఎలక్ట్రోడ్ల (స్టిక్కర్ల) ద్వారా రాసుకుంటుంది, అంతే. ఇది సంజయుడి పని. అతను యుద్ధమంతా చూశాడు, చెప్పాడు. గీత ధృతరాష్ట్రుడికి చేరింది అతని నోటనే. హోల్టర్ కూడా మామూలుగా 24 నుంచి 48 గంటలు మీ గుండెను చూసి, ఆ సమయంలో మీ పక్కన లేని డాక్టరుకు చెబుతుంది. నిమిషానికి 70 చొప్పున కొట్టుకున్నా రోజుకు లక్షకు పైగా స్పందనలు. పది సెకన్ల ఈసీజీకి చిక్కకుండా పోయేది ఇందులో దొరకొచ్చు.

సంజయుడికి అడ్డం పడకుండా ఉండటం మన వంతు. తీగలున్న యంత్రం తడవకూడదు కనుక వెళ్ళేముందే స్నానం చేసేయండి. ఛాతీకి నూనె, పౌడరు, క్రీము ఏవీ వద్దు, అంటుకున్నవి ఊడిపోతాయి. ముందు గుండీలుండే వదులు చొక్కా వేసుకోండి. గొలుసులు, మాలలు తీసి వెళ్ళండి. చర్మం తుడిచేటప్పుడు చల్లగా, కాస్త గరుకుగా ఉంటుంది. వెంట్రుకలుంటే అక్కడక్కడా గొరుగుతారు. మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు, డాక్టరునే అడగండి. ఇంటికొచ్చాక మంచాన పడుకుని కదలకుండా ఉంటే పరీక్షకు అర్థం ఉండదు. రోజూ చేసే పనులే చేయండి.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది చేతికిచ్చే డైరీ. దడ వచ్చినా తల తిరిగినా గడియారం చూసి సమయం రాయండి, అప్పుడేం చేస్తున్నారో కూడా. భయమేస్తే "భయం" అనే రాయండి. 'రోమహర్షం' అన్న మాట మొదటి అధ్యాయంలో అర్జునుడి కలతకు వాడినదే. 18వ అధ్యాయం 74వ శ్లోకంలో సంజయుడు కృష్ణార్జునుల సంవాదం విన్న అద్భుతానికీ దాదాపు అదే మాట, 'రోమహర్షణం' అని వాడాడు. ఒంటి మీద కనిపించేది ఒకటే, కారణం వేరు. గుండె వేగం మెట్లెక్కినందుకా, ఉలిక్కిపడినందుకా అన్నది తెలియాలంటే డాక్టరుకు మీ ఒక్క ముక్క కావాలి.

ఊపిరి సంగతి. నాలుగు లెక్కపెట్టేంత సేపు ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు ఇష్టదైవం పేరు నెమ్మదిగా పలుకుతూ వదలండి. నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. ఐదు నిమిషాలు చాలు, బిగబట్టొద్దు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో జపమాలతో చేసే లాటిన్ ప్రార్థన, "ఓం మణి పద్మే హుం" మంత్రం రెండూ శ్వాసను దాదాపు ఆ వేగానికే తెచ్చాయి. గాలి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి గుండెను కాస్త నెమ్మదింపజేస్తుంది. ముందు మామూలు ఈసీజీ తీస్తుంటే జపం మనసులోనే సాగనివ్వండి. మాట్లాడినా వణికినా ఈసీజీ కాగితం మీది గీత చెదిరి మళ్ళీ తీస్తారు, అది గుండె లోపం కాదు. కళ్ళు తిరిగితే కూర్చోకుండా పడుకుని కాళ్ళు పైకి పెట్టమనండి. ఇక ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఊపిరాడకపోవడం ఉంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

స్టిక్కర్లు తీసేటప్పుడు చర్మం లాగినట్టుంటుంది, ఎర్రబడిన మచ్చలు ఒకటి రెండు రోజుల్లో పోతాయి. యంత్రం తిరిగిచ్చేనాడు టెక్నీషియన్ ముఖంలో ఫలితం వెతక్కండి. లక్షల స్పందనలు చదివి నివేదిక రాయాల్సింది డాక్టరు, అందుకు రోజులు పట్టొచ్చు. ఎప్పుడు చెబుతారో, ఎవరు చెబుతారో ఆ రోజే అడిగి డైరీ చివర రాసుకోండి.