ఊరి స్తూపం మీద జీతానికి పోయినవాళ్ల పేర్లు కూడా

కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు పల్లెల్లో మిలిటరీకి పోయిన ఇల్లు, కువైట్‌కి పోయిన ఇల్లు ఒకే వీధిలో ఉంటాయి. వానలు మొహం చాటేసి బోరు ఎండాక రెండిళ్ల కొడుకులూ బయల్దేరింది జీతం కోసమే. చనిపోయినవాళ్ల పేర్లతో సెంటర్లో స్తూపం కట్టే రోజున మాత్రం సిపాయి పేరు ఎక్కుతుంది, జీతానికి పోయినవాడిది ఎక్కదు. "వాడు డబ్బు కోసం పోయాడు గదా" అంటారు. సిపాయీ ఇంటికి మనియార్డర్ పంపడానికే పోయాడు. జీతం తీసుకున్నంత మాత్రాన చావు చిన్నదైపోదు. పోరులో పడినవాళ్లకు నిలిపిన మన వీరగల్లులు చూడండి. ఆవులమందను కాపాడబోయి పడిపోయినవాడికీ రాయి నిలిపారు మనవాళ్లు.

పేరు వేయకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇరాక్‌లోని బస్రా స్మారకం చాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాలో చనిపోయి, సమాధి కూడా లేనివాళ్ల కోసం కట్టింది అది. బ్రిటిష్ సిపాయిల పేర్లు చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లు మాత్రమే వేసి, మామూలు సిపాయిలను రెజిమెంటు కింద ఇంతమంది అని అంకెతో సరిపెట్టారు. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో అలా చేయలేదు. అందులో త్యాగచక్రం అనే భాగంలో ఒక్కొక్కరికి ఒక్కో గ్రానైట్ పలక ఉంది. ప్రారంభం నాటికి 25,942 పేర్లు. ఊళ్లో కట్టేటప్పుడు పట్టుకోవాల్సిన పద్ధతి ఇదే: మనిషికో పలక.

ఎవరెవరిని చేర్చాలి? సైన్యం, సి.ఆర్.పి.ఎఫ్. వంటి బలగాల వాళ్ల గురించి ఎవరికీ పేచీ ఉండదు. సరిహద్దు రోడ్ల సంస్థలో రోజుకూలీగా కొండచరియల కింద పడిపోయినవాళ్లు, ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో అమెరికా క్యాంపుల్లో వంటకో డ్రైవింగ్‌కో కాంట్రాక్టు మీద వెళ్లి చనిపోయినవాళ్లు, సహాయకుడి ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లి యుక్రెయిన్ యుద్ధంలో చనిపోయినవాళ్లు కూడా చేరాలి. ఊళ్లో అలాంటివాళ్లు ఉన్నారా అని ఇల్లిల్లూ అడిగితేనే తెలుస్తుంది. వాళ్లంతట వాళ్లు వచ్చి చెప్పరు.

హోదా మాటల దగ్గర జాగ్రత్త. సైన్యం కాగితాల్లో 'అమరుడు' అనే వర్గమే లేదు. పోరులో పోతే బ్యాటిల్ క్యాజువాల్టీ, ప్రమాదం, జబ్బు లాంటి వాటితో పోతే ఫిజికల్ క్యాజువాల్టీ అని రాస్తారు. పలక మీద ఈ తేడా ఎక్కించొద్దు. పేరు, చేసిన పని, చనిపోయిన చోటు, తేదీ, ఈ నాలుగు చాలు. తేదీ చనిపోయిన రోజుది వేయండి. శవపేటిక ఊరికి వచ్చిన రోజే అందరికీ గుర్తుంటుంది కాబట్టి తప్పు ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

జెండా విషయంలో మాత్రం తేడా పాటించక తప్పదు. ఫ్లాగ్ కోడ్ ప్రకారం ప్రభుత్వ లాంఛనాల అంత్యక్రియలకూ, సైనిక, పారామిలిటరీ అంత్యక్రియలకూ తప్ప ఎవరి మీదా జాతీయ జెండా కప్పకూడదు. కప్పినచోట కాషాయం తలవైపు ఉండాలి, జెండాను గోతిలోకి దించకూడదు, చితిలో కాల్చకూడదు. కాంట్రాక్టు మీద పోయినవాళ్లకు తెల్లబట్ట, పూలదండలు, ఊరంతా నడిచి రావడం. ఆ మర్యాదకు ఏ కోడూ అడ్డు రాదు.

పేర్లకోసం ఇంటికి వెళ్లినప్పుడు కాగితాలు కూడా అడగండి. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు (గల్ఫ్ లాంటి దేశాలకు పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సినది) మీద వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో పోతే 10 లక్షలు. సరిహద్దు రోడ్ల కూలీలకు 2024లో 10 లక్షల బీమా మంజూరైంది. నాలుగేళ్లకు సైన్యంలో చేరే అగ్నివీర్‌కు పింఛను లేదు గానీ 48 లక్షల బీమా ఉంది. అమెరికా సైనిక కాంట్రాక్టు మీద చనిపోతే పరిహారం ఇప్పించే వాళ్ల డిఫెన్స్ బేస్ చట్టం మన దేశస్థుల కుటుంబాలకూ వర్తిస్తుంది. క్లెయిముకు ఏడాదే గడువు. చాలా ఇళ్లలో కాంట్రాక్టు కాగితం ట్రంకుపెట్టె అడుగునే ఉండిపోతుంది.

ఇక రాయి. మార్కాపురం పలకరాయి అందంగానే ఉంటుంది గానీ ఎండావానలకు పొర లేస్తుంది, పొరతో పాటు అక్షరమూ పోతుంది. చీమకుర్తి గ్రానైట్ తీసుకోండి. అందులో బంగారు చుక్కలుండే నల్లరాయి, బ్లాక్ గెలాక్సీ, వద్దు. దాని అందమంతా ఆ బంగారు చుక్కలే. చిన్న అక్షరంలో బంగారు రంగు నింపితే చుక్కేదో సున్నా ఏదో తెలియదు. అదే కావాలని పట్టుబడితే తెల్లరంగు నింపండి. 4 అడుగులకు 3 అడుగుల పెద్ద ఫలకం 20 మి.మీ. మందంలో 65 కిలోల దాకా తూగుతుంది, ఒక్క తప్పు పడితే మొత్తం మార్చాలి. 12 అంగుళాలకు 6 అంగుళాల పలకలైతే తప్పు పడినదొక్కటే మారుతుంది. తర్వాత కొత్త పేరు రావచ్చు కూడా. రాకూడదనే కోరుకుందాం.

వట్టి సిమెంటుతో గోడకు అతికిస్తే ఎండకు పట్టు వదులుతుంది. రాతికి వాడే ఎపాక్సీ జిగురు పెట్టి, నాలుగు మూలలా పిన్నులు వేయించండి. కొత్తపట్నం, కావలి లాంటి సముద్రపు గాలి తగిలే చోట మామూలు ఇనుము వద్దు. తుప్పు ఉబ్బి రాతిని పగలగొడుతుంది. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి. పలకకూ పలకకూ మధ్య 3 మి.మీ. సందు వదలాలి.

అక్షరాలు లేజర్‌తో గీయిస్తే లోతు రాదు, రంగు నిలవదు. స్టెన్సిల్ అతికించి శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి చెక్కడం) చేయించండి, 2 నుంచి 3 మి.మీ. లోతు. తెలుగుకు వత్తులున్నాయి కాబట్టి అంగుళం అక్షరానికి వరుసకూ వరుసకూ రెండుంబావు అంగుళాల దూరం కావాలి. డీటీపీ షాపులో చాలావరకు యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లే ఉంటాయి. వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ పేరు అందులోకి మార్చేటప్పుడు వత్తు ఎగిరిపోతుంది, 'కృష్ణ' కాస్తా 'కృషణ' అవుతుంది. అందుకే అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, రాయి కోయించకముందే ఇంటికి పట్టుకెళ్లండి. సర్వీసు బుక్కులో పేరొకటి, ఇంట్లో పిలిచే పేరొకటి ఉంటే రెండూ వేయండి. తల్లికి చదువు రాకపోతే పక్కన కూర్చుని ఇంటిపేరుతో సహా మెల్లగా చదివి వినిపించండి. ఆమె సరేనన్న తర్వాతే షాపుకు వెళ్లండి.